ఏమీ పాడవని బండి

పందెం కారు సీట్లో కూర్చున్న వెర్లిన్ సీక్రెస్ట్, బాబాయి ఓడెల్ తన భుజాల మీది బెల్టులు లాగి బిగిస్తుంటే పొట్ట లోపలికి పీల్చుకున్నాడు. భార్య ట్వైలా పొద్దున వేయించిపెట్టిన లివర్‌మష్, పందికాలేయపు ముద్ద, అందులో ఇంకా బరువుగా కూర్చుని ఉంది. మెడకు చెరోవైపు దన్ను, ఛాతీ మీద ఇనప కట్టు, తల చుట్టూ హెల్మెట్టు. ఇక కదిలేవి చేతులూ కాళ్లే.

“ఒరే, ఈ రోజు ఏం పాడుచేద్దాం?” అన్నాడు ఓడెల్ కట్టుడుపళ్ల సందుల్లోంచి. “పోయినవారం బ్రేకులు. అంతకుముందు ఇంజన్ వేడి.”

“గేరుపెట్టె అను బాబాయ్. దాని జోలికెళ్లి చాన్నాళ్లయింది.”

“పాపం, దానికీ ఆడాలని ఉంటుందిగా” అని నవ్వి, ముసలాయన కారు కిటికీకి రక్షణ వల తగిలించాడు.

పందెం మొదలుపెట్టిన ప్రతి బండికీ, ఆఖరుదానికైనా సరే, ఎంతో కొంత బహుమతి డబ్బు ముడుతుంది. చివరిదాకా తోలితే టైర్లకూ ఇంజనుకూ అయ్యే ఖర్చు దాన్ని మించిపోతుంది. యజమాని గార్లండ్ మాబ్రీకి ఉన్నది ఒక్క బండి, ఒక్క ఇంజను. అందుకని కాసేపు అందరి వెనకా తిరిగి, ఏదో పాడైందని చెప్పి లోపలికి వచ్చేయడం వెర్లిన్ ఉద్యోగం. మిగతా వారమంతా బావమరిది షెడ్డులో కార్ల సొట్టలు తీస్తాడు.

ఇరవయ్యేళ్ల వయసులో థామస్‌విల్ దగ్గరి ఎర్రమట్టి ట్రాకు మీద వేసవంతా గెలిచినవాడు. మంగలిషాపులో అతని ఫోటో అద్దం పక్కన ఉండేది. “వీడు షార్లట్ పెద్ద పందేల దాకా పోతాడ్రా” అనేవాళ్లు. షార్లట్ దాకా వచ్చాడు నిజమే, ఇలా వచ్చాడు. “ఈ ఒక్క సీజనూ ఓర్చుకో నాయనా, స్పాన్సరు దొరకనీ, అప్పుడు నిజంగా తోలుదువుగాని” అన్నాడు గార్లండ్. స్పాన్సరు దొరకలేదు, సీజన్లు మాత్రం గడిచిపోయాయి. మానేద్దామంటే ఈ వయసులో ఇంకో సీటు ఇచ్చేవాడు లేడు. మానకపోతే నిజమైన పందెం లేదు. ట్వైలా గ్యాలరీలో కూర్చోవడం ఎప్పుడో మానేసింది. “మీ ఆయన బండికి ఏమైందమ్మా?” అని పక్కవాళ్లు అడిగినప్పుడల్లా కొత్త అబద్ధం వెతుక్కోవడం ఆమెకు చేతకాలేదు. ఇప్పుడు బయట ట్రక్కులోనే కూర్చుంటుంది.

పచ్చజెండా ఊగింది. ఎప్పటిలా వెనకే ఉండబోయాడు వెర్లిన్. మొదటి మలుపులోనే తెలిసింది, బండి తీరు మారిందని. వెనక భాగం జారడం లేదు, మలుపు అడుగున నేలకు అతుక్కుని తిరుగుతోంది. ఓడెల్ వారమంతా దాని కింద దూరి ఏం చేశాడో గాని ఎవరితోనూ అనలేదు. తనకు తెలియకుండానే వెర్లిన్ పాదం యాక్సిలరేటరు నొక్కింది. ముందున్న బండి పక్కకొచ్చింది, వెనక్కి పోయింది. తర్వాత ఇంకొకటి. చుట్టూ బళ్లు, చేతికందేంత దూరంలో రేకులు, కాలిన రబ్బరు వాసన. నోట్లో ఉప్పగా చెమట. ఎర్రమట్టి నాటి భయం మళ్లీ తిరిగొచ్చింది. దాన్ని ఇంతకాలం ఎంత కోరుకున్నాడో అప్పుడు అర్థమైంది.

“చాలు వెర్లిన్, వచ్చెయ్” హెల్మెట్టు రేడియోలో గార్లండ్ గొంతు.

వెర్లిన్ మరో బండిని దాటాడు.

“వినపడుతోందా?”

“వినపడుతోందండీ.”

“మరి?”

“బండి బాగా పోతోంది గార్లండ్ గారూ.”

గార్లండ్ గొంతు మెత్తబడింది. “నాకూ కళ్లున్నాయి నాయనా. కానీ ఉన్నవి ఆ టైర్లే. అవి అరిగిపోతే వచ్చే ఆదివారం ఏం తొడగను? మీ బాబాయిని ఏమని ఇంటికి పంపను?”

గార్లండ్ తిట్టి ఉంటే బాగుండేది. వెర్లిన్ ఇంకో మలుపు తిరిగాడు, మరొకటి తిరిగాడు. ఆపైన, లోపలికి పోతున్నానని వెనకవాళ్లకు చెప్పే చెయ్యి, అలవాటుపడ్డ చెయ్యి, దానంతటదే పైకి లేచింది.

గ్యారేజీలో పందెం అధికారి రాసుకునే అట్ట చంకన పెట్టుకుని ఎదురొచ్చాడు. “ఏం పాడైంది వెర్లిన్?”

వెనక నుంచి ఓడెల్ గొంతు సవరించుకున్నాడు. గేరుపెట్టె అన్న మాట వెర్లిన్ నాలుక చివరిదాకా వచ్చింది.

“ఏమీ పాడవలేదు. ఇంత మంచి బండి నేనెన్నడూ తోలలేదు.”

“నన్ను ఇరికించకయ్యా. ఏదో ఒకటి చెప్పు, రాసుకుని పోతాను.”

“అయితే డ్రైవరు పాడయ్యాడని రాసుకో.”

అధికారి గార్లండ్ వైపు చూసి, ఏమీ రాయకుండా నడిచిపోయాడు. గార్లండ్ టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.

“కావాలనే ఆపేస్తున్నామన్న మాట పాకితే నా బండిని గేటు దాటనివ్వరు, తెలుసుగా?”

“తెలుసండీ.”

“ఇంక నిన్ను ఆ సీట్లో కూర్చోబెట్టలేను, నాయనా.”

“అదీ తెలుసు.”

ఓడెల్ దగ్గరికొచ్చి నూనె చేత్తో వెర్లిన్ మెడ వెనక ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలాడు. వెర్లిన్ హెల్మెట్టు చేతికి తగిలించుకుని ట్రాకు కింది సొరంగంలోంచి బయటికి నడిచాడు. నెత్తిమీద బళ్లు పోతుంటే గోడలు అదురుతున్నాయి. విడుదలైనట్టు లేదు, ఎక్కడో దారి మధ్యలో దించేసినట్టుంది.

ట్రక్కులో ట్వైలా రేడియో గొంతు తగ్గించింది. అతను ఎక్కి కూర్చునేదాకా ఆగి, “నీ పేరు చెప్పారు” అంది. “ముందుకొస్తున్నాడన్నారు. నేను పెద్దగా అరిచాను కూడా. పక్క కారువాళ్లు తిరిగి చూశారు.”

“ఉద్యోగం పోయిందే.”

ఆమె అతని వైపు చూసింది. తర్వాత తాళం తిప్పి, “బెల్టు పెట్టుకో” అంది.

లోపల గ్యారేజీలో, ఓడెల్ బండికి గుడ్డ కప్పబోయి ఆగాడు. దిగడానికి వీలుగా వెర్లిన్ ఊడదీసిన స్టీరింగు చక్రం పైకప్పు మీద ఉంది. చేతులు పట్టుకున్న చోట, ఇటూ అటూ, తోలు ఇంకా చెమటతో తడిగానే ఉంది.