ఫోను ఆపేసే గంట

మా ఆయన నాగసతీష్ కువైట్‌లో డ్రైవరు. కొట్టడు, తిట్టడు, నెలనెలా డబ్బు పంపుతాడు. కాకపోతే నేనెక్కడున్నానో ఆయనకి వీడియోలో కనబడుతూ ఉండాలి. కొబ్బరితోటలో ఉంటే తోట చూపించాలి, పెరట్లో ఉంటే పెరడు చూపించాలి. నేను ఫోను తీయడం ఆలస్యమైతే మా అత్తగారి ఫోను మోగుతుంది.

ఈ బాధకి మందు మా ఊరి లైబ్రరీలో దొరికింది. అక్కడ గోడమీద ‘సెల్‌ఫోన్లు ఆపివేయవలెను’ అని బోర్డు. ఆయనకి గవర్నమెంటు బోర్డంటే గౌరవం. రోజూ సాయంత్రం ఒక గంట ఫోను ఆపి నవల చదువుకునేదాన్ని. ఒక్కోరోజు అదీ లేదు, కిటికీలోంచి కాలవ చూస్తూ కూర్చునేదాన్ని. ఆ గంటసేపు నేనెవరికీ కనబడను. అంత హాయి నాకు పుట్టింట్లో కూడా లేదు.

లైబ్రేరియన్ సుబ్రహ్మణ్యేశ్వరరావు గారికి ఇంకో రెండు ఊళ్ళు అంటగట్టారు. రోజూ తెరిచేది వారానికి ఒక్కరోజైంది. కిందటి వారం ఆ ఒక్కరోజూ పోయింది. పుస్తకాలు వ్యానెక్కుతుంటే వెళ్ళి అడిగాను.

“ఏం చెయ్యమంటారమ్మా, ఖర్చు తగ్గించమన్నారు. పుస్తకాలన్నీ ఫోన్లోనే దొరుకుతున్నాయి, ఎవరూ రావట్లేదు అంటన్నారు.”

“నేనొస్తున్నాను గదండీ.”

“ఆయ్, మీరొస్తన్నారు. అదే రాసేను. ఒక్కరి కోసం తెరవరంట. కొత్తపేట రండమ్మా, అక్కడ పెద్ద లైబ్రరీ ఉంది.”

నన్ను కొత్తపేట బస్సు ఎక్కనిచ్చేదెవరు?

మర్నాడు కాళ్ళు ఊరుకోక అక్కడికే వెళ్ళాను. తాళం వేసిన తలుపు ముందు, అరుగుమీద ఫోను ఆపి కూర్చున్నాను. ఇంటికొచ్చేసరికి అత్తగారు వీధిలో నిలబడి ఉన్నారు. ఆవిడ చేతిలో ఫోను, ఫోన్లో మా ఆయన.

“లైబ్రరీ మూసేసేరంటగా. ఎక్కడికెళ్ళేవు?” అన్నాడు.

అరుగుమీద ఊరికే కూర్చున్నానని చెప్పాను. నిజం చెబుతుంటే నాకే అబద్ధంలా వినబడింది. ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది. ఆయన మెత్తగానే అన్నాడు.

“పుస్తకాలేగా నీక్కావాల్సింది? ముందే చెప్పొచ్చుగా. లింకు పంపుతాను, ఇంట్లోనే కూర్చుని చదువుకో.”

అన్నట్టే పంపాడు. మా లైబ్రరీలో లేనన్ని నవలలున్నాయి. చదవాలంటే మాత్రం ఫోను ఆన్‌లో ఉండాలి.

నిన్న సాయంత్రం వంటింటి గుమ్మంలో కూర్చుని ఒకటి తెరిచాను. రెండో పేజీ తిప్పేలోపు అక్షరాల మీద ఆయన మొహం వచ్చింది.

“చదువుకుంటన్నావా? ఏదీ, చూపించు.”