పదమూడో రోజున వచ్చిన పచ్చ గోళ్లు

పార్లర్‌లోకి వచ్చినావిడ చేతులు చూడగానే గోళ్లమ్మాయి ఇట్టే గుర్తుపట్టింది. నెమలి పచ్చ జెల్ పాలిష్. ఉంగరపు వేళ్ల మీద బంగారు చుక్కలు.

పదమూడు రోజుల క్రితం ఆ డిజైన్ తనే కనిపెట్టి రెండు జతల చేతులకే వేసింది. ఒక జత ఈవిడది, రెండోది తనది. వేస్తున్నంతసేపూ నోరు ఊరుకోక, తన పిన్ని ఏ వీధిలో ఉంటుందో, మధ్యాహ్నాలు గడియ వేయకుండా ఎలా నిద్రపోతుందో కూడా వాగింది. మర్నాడే పిన్ని మెడలో గొలుసు మాయమైంది. కళ్లజోడు లేని పిన్నికి కనిపించినవల్లా పచ్చ గోళ్లూ బంగారు చుక్కా. ఇంకేముంది, అప్పట్నుంచీ తను గడప తొక్కితే చాలు, చుట్టాలందరూ మెడలు తడుముకుంటున్నారు. ఈవిడ రాసిచ్చిన ఫోన్ నంబరేమో ఏదో టైర్ల కొట్టుది.

"త్వరగా తీసెయ్యమ్మాయ్," అంటూ ఆవిడ బల్ల మీద కూపన్ పడేసింది. రెండు వారాల్లోపు వస్తే ఉచితంగా తీస్తామన్న కూపన్! దొంగబుద్ధి ఉన్నా ఉచితం దగ్గర బుద్ధి పనిచేయదు కాబోలు.

ఆవిడ బొటనవేలి గోరు తెల్లగా పొరలు లేచి ఉంది.

"గీకారా మేడమ్?"

"అంచు లేస్తే లాగాను. నా గోరూ దాంతోపాటే వచ్చింది."

"లాగితే అంతే మరి. ఈ జెల్ యూవీ దీపం కింద నిమిషంలో గట్టిపడుతుంది, రెండు వారాలు చెక్కుచెదరదు. అంట్లు తోమండి, బీరువాలు తెరవండి, ఏం కాదు. వదిలించాలంటే మాత్రం బతిమాలాలి. రిమూవర్‌లో తడిపిన దూది పెట్టి, ఫాయిల్ చుట్టి, పావుగంట నానబెట్టాలి. కదిలారో, మిగతా తొమ్మిదీ బొటనవేలి దారే!"

గోళ్ల మెరుపును ఆకురాయితో పైపైన రుద్దింది. వాసన కోసం రిమూవర్ కాస్త బల్ల మీద ఒలికించింది. దూదిని మాత్రం మంచినీళ్లతో తడిపింది. పది వేళ్లకూ ఫాయిల్ బిగించి, బల్ల కింద ఫోన్ నొక్కింది: "గోళ్లు దొరికాయి. పోలీసుతో రా పిన్నీ."

ఇక వాళ్లొచ్చేదాకా ఈవిడ కదలకూడదు.

"రిమూవర్‌కి చర్మం ఎండిపోతుంది, నూనె రాసుకోండి. ఈసారి దీపం కింద పెట్టేటప్పుడు వేళ్ల కొసలు తెరిచుండే గ్లవ్స్ వేసుకోండి, ఆ వెలుగు చర్మానికి మంచిది కాదు. ఇంకా..."

"నీ సోదికే ఊడిపోయేలా ఉన్నాయి! అయిందా?"

"మొండి రంగు మేడమ్. ఇంకో ఐదు నిమిషాలు."

ఆవిడ కళ్లు గోళ్లమ్మాయి చేతుల మీద పడ్డాయి. అవే పచ్చ గోళ్లు. అవే చుక్కలు. మొహం పాలిపోయింది.

"మీ పిన్ని నిన్నే దొంగనుకుని..." అని గొణిగి, ఒక్క ఉదుటున లేచింది. బ్యాగు పట్టుకోబోతే జారింది. తలుపు గుండ్రటి పిడిని ఫాయిల్ తొడుక్కున్న పది వేళ్లతోనూ తిప్పబోయింది. తిరిగితేగా!

పిడి అవతలి నుంచి తిరిగింది. గుమ్మంలో కానిస్టేబులమ్మ, వెనక కళ్లజోడు పెట్టుకున్న పిన్ని.

ఫాయిల్ విప్పితే పచ్చ పచ్చగానే ఉంది. చుక్క చుక్కగానే ఉంది. బ్యాగు అడుగున గొలుసు దొరికింది.

"ఏమనుకోకే," అంది పిన్ని, నేల చూపులు చూస్తూ.

గోళ్లమ్మాయి కూపన్ తీసి ఆవిడ బ్యాగులో పెట్టింది.

"రేపటిదాకా చెల్లుతుంది మేడమ్. బెయిలొస్తే రండి."