బరువెక్కిన మీథేన్

ఆ ఇంటి పెద్ద కోడలు వరి పరిశోధన కేంద్రంలో చేరి చాలా ఏళ్ళయింది. కిటికీ లేని చల్లటి గదిలో బీరువా అంత మిషన్ ముందు కూర్చుని, వరి మడుల్లోంచి వచ్చే మీథేన్‌లో తేలిక కార్బన్ ఎంతో, బరువు కార్బన్ ఎంతో తేల్చడం ఆమె పని. ఆ మిషన్ ఆమె మాట తప్ప ఇంకెవరి మాటా వినదని అక్కడందరూ అనేవారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా ఆమె ప్రాణానికి హాయిగా ఉండేది.

అంతలో మరిది పెళ్ళి చేసుకున్న పిల్ల అదే కేంద్రంలో పొలం పనికి చేరింది. మోకాళ్ళ దాకా బురదతో ఇంటికొస్తే అత్తగారు వేణ్ణీళ్ళు తోడి పెట్టేది. "పాపం, చిన్నది ఎండలో మాడి వచ్చింది" అనేది. పొద్దస్తమానం మిషన్‌తో కుస్తీ పట్టి వచ్చిన పెద్దామెకు మాత్రం, "చల్లగా కూర్చుని వచ్చావు కదా, కాస్త ఆ కూరగాయలు తరుగు" అని కత్తి అందించేది.

కడుపులో మంట అక్కడ రాజుకుంది.

ఆ పంటకాలంలో చిన్నామె కొత్త సంగతి పట్టుకొచ్చింది. పంట మధ్యకాలంలో నీళ్ళు తీసి ఆరబెట్టిన మడి నుంచి మీథేన్ తక్కువగా రావడం అందరికీ తెలిసిందే. అది తక్కువ పుట్టడం వల్లా, లేక పుట్టింది మట్టిలోనే ఖర్చయిపోవడం వల్లా? ఆరిన మట్టిలోకి గాలి దూరితే మీథేన్‌ను తినే సూక్ష్మజీవులు లేస్తాయి. అవి తేలిక కార్బన్‌నే ముందు తింటాయి. కాబట్టి మిగిలి బయటికొచ్చే వాయువు బరువెక్కాలి. చిన్నామె మడుల మీది గాలి పట్టి తెచ్చిన సీసాల్లో సరిగ్గా అదే కనిపించింది. నీళ్ళు నిలిచిన మడిది మైనస్ అరవై నాలుగు, ఆరబెట్టిన మడిది మైనస్ యాభై మూడు; అంకె సున్నాకు ఎంత దగ్గరైతే వాయువు అంత బరువన్నమాట. ఆ అంకెలు తీసింది పెద్దామే. డైరెక్టరు భుజం తట్టింది మాత్రం చిన్నామెను.

ఓ రోజు ఖాళీ సీసాలు సర్దుతుంటే, ఆరబెట్టిన మడి సీసాల రబ్బరు మూతలు గట్టిపడి, గాలి ఎక్కించే సూది గుచ్చిన చోట సన్నగా చిట్లి ఉన్నాయని పెద్దామె కంటబడింది. మూత లీకైతే తేలిక వాయువే ముందు జారిపోతుంది, మిగిలింది బరువుగా కనిపిస్తుంది. అంటే తోటికోడలి గొప్పంతా చిల్లు మూతల చలవే కావచ్చు! ఆమె గుండె ఎగిరి గంతేసింది. ఇంట్లో ఒకే బల్ల దగ్గర భోంచేస్తూ కూడా నోరు విప్పలేదు. నలుగురిలో చెప్పాలి.

కేంద్రం మీటింగులో చిన్నామె తన ఫలితాలు చెప్పి కూర్చోగానే పెద్దామె చిట్లిన మూత తీసి బల్ల మీద పెట్టింది.

"ఇవి లీకయ్యాయి. ఈ అంకెల్ని నేను నమ్మను."

చిన్నామె మూత తీసుకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది. ముఖం కందగడ్డ అయింది.

"నిజమే అక్కా. నేను చూసుకోలేదు. మళ్ళీ తీద్దాం, నువ్వు కూడా రా."

ఈసారి కొత్త మూతలు. పెద్దామె చీర ఎగదోపి బురదలో దిగింది. మొక్కల మీద అద్దాల పెట్టె బోర్లించి, సిరంజితో గాలి లాగి, ప్రతి సీసా మూతా తన చేత్తోనే బిగించింది. చిన్నామె పడిపోకుండా ఆమె మోచేయి పట్టుకుంది. ఆ సాయం కూడా ముల్లులా గుచ్చుకుంది.

మర్నాడు పెద్దామె మిషన్ గదిలో ఒక్కతే కూర్చుంది. ఆరబెట్టిన మడి మొదటి సీసా: మైనస్ యాభై నాలుగు. రెండోది యాభై మూడు. మూడోది యాభై నాలుగే. మూతల తప్పు లేదు. పిల్ల చెప్పిందే నిజం.

మిషన్ సరిగా లేదని ఒక్క మాట అంటే చాలు, అడిగే నాథుడు లేడు. ఈ పంటకాలం గడిచిపోతుంది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. కానీ ఇన్నేళ్ళుగా తనకంటూ మిగిలింది ఆ మిషన్ విషయంలో తన మాట మీద అందరికీ ఉన్న నమ్మకం ఒక్కటే. దాన్ని తన నోటితో తానే పోగొట్టుకోవడం ఆమె వల్ల కాలేదు.

వరండాలో గోళ్ళు కొరుక్కుంటూ నిలబడి ఉంది చిన్నామె.

"యాభై నాలుగు," అంది పెద్దామె ముక్తసరిగా. "నీదే రైటు."

చిన్నామె ఒక్క ఉదుటున వాటేసుకుంది. పెద్దామె చేతులు రెండూ కిందికే వేలాడాయి.

సాయంత్రం భోజనాల దగ్గర చిన్నామె ఆగకుండా చెప్పుకుపోయింది. "అక్క పట్టుబట్టకపోతే రేపు వ్యాసం అచ్చయ్యాక బయటివాళ్ళు నన్ను చీల్చి చెండాడేవాళ్ళు అత్తయ్యా!"

"పెద్దదానికి మొదట్నుంచీ అనుమానమెక్కువలే. ఇన్నాళ్ళకి అదీ ఒకందుకు పనికొచ్చింది," అంది అత్తగారు. అందరూ పగలబడి నవ్వారు. కాస్త ఆలస్యంగా పెద్దామె కూడా నవ్వింది.

తర్వాత వంటింట్లో ఒకరు కడుగుతుంటే ఒకరు తుడుస్తున్నారు.

"ఆ వ్యాసంలో నా పేరు వేస్తావా?"

"వెయ్యకపోతే ఎలా అక్కా? రెండో పేరు నీదే."

"మొదటిది?"

"నాది."

"ఊఁ," అంది పెద్దామె. చేతిలో గిన్నె కాస్త గట్టిగానే బోర్లించింది.