ఖయ్యూం కుడికాలు

ఎల్లారెడ్డిలో ఫుట్‌బాల్ ఫైనల్ రోజు పొద్దున నా చేతిలో పన్నెండు మంది ఆటగాళ్లున్నారు. వాళ్లలో గోల్స్ కొట్టే ఖయ్యూంకు కుడి చీలమండ వాచింది. కామారెడ్డిలో నా బట్టల దుకాణం అరుగు మీద ఆ కాలితోనే కుట్టుమిషన్ తొక్కుతాడు.

"గట్టిగ కట్టు కట్టు సేట్, ఆడుత," అన్నాడు.

"విరిగితే రంజాన్ బట్టలెవరు కుడుతరు? మీ అమ్మీనా?"

"ఓడితే ఊళ్లె మొఖమెట్ల చూపియ్యాలె? కాలు నాది."

"జట్టు నాది. కూసో."

అతని బదులు పన్నెండో ఆటగాడు హన్మండ్లును ఆటలోకి దింపాను. మావాళ్లే నన్ను తిట్టారు; అయినా మాట మార్చలేదు. ఒక్క గోల్‌తో ఓడాం.

తిరుగు బస్సులో ఖయ్యూం నా పక్క సీటు వదిలి వెనక్కి పోయి కూర్చున్నాడు. కప్పు పోయింది, అతని స్నేహం కొన్నాళ్లు పోయింది. పండుగ వారమంతా మాత్రం అరుగు మీద మిషన్ ఆగలేదు. మరుసటి ఏడాది ఆటకు అతని రెండు కాళ్లూ మిగిలాయి.