తలుపు సందు

కారు తలుపు పడలేదు. తమ్ముడు మొదట నెమ్మదిగా వేశాడు. తర్వాత గట్టిగా వేశాడు. మూడోసారి భుజం ఆనించి నెట్టాడు. ప్రతిసారీ పడినట్టే పడి, అలిగిన పిల్లలా వెనక్కి వచ్చేసింది. పైన వేలు దూరేంత సందు. కింద గోరు కూడా పట్టదు.

"పొద్దున పడింది. నేనే వేశాను," అన్నాడు.



ఈ కారు మా పెద్దక్కది. నలభై ఏళ్ళ నాటి నీలం కారు. మా ముగ్గురిలో ముందు డ్రైవింగ్ నేర్చుకున్నది తనే. నాకు నేర్పింది కూడా ఇందులోనే, నెత్తిన మొట్టికాయలు వేస్తూ. ఇప్పుడు పెద్దక్క గంటన్నర దూరంలో ఒక వృద్ధాశ్రమంలో ఉంటోంది. మనుషులు ఒక్కొక్కరే తన మతిలోంచి జారిపోతున్నారు. నేనింకా జారలేదంటే ఈ కారు పుణ్యమే. ఆదివారం కిటికీ దగ్గర కూర్చుని, నీలం కారు గేటు దాటగానే "మా చెల్లి వచ్చింది" అంటుంది. పక్కన ఎక్కించుకుని ఊరి బయట దాకా ఒక చుట్టు తిప్పుతాను. గేరు మార్చినప్పుడల్లా తప్పు పడుతుంది. తిట్లు తిని ఇంటికొస్తాను, కడుపు నిండి.

నెల కిందట బండి తనిఖీకి తీసుకెళ్తే, ఆఫీసరు కారు కింద దూరి స్క్రూడ్రైవరుతో పొడిస్తే పిడి దాకా దిగిపోయింది. ఇది ఇనుము కాదమ్మా, తడిసిన అట్టపెట్టె అన్నాడు. కారు బరువంతా మోసేవి కింద పొడుగ్గా రెండు ఇనుప దూలాలు, ఛాసిస్ అంటారు. రెండింటినీ తుప్పు తినేసింది. బాగు చేయించి మళ్ళీ చూపించేదాకా రోడ్డెక్కకూడదని రాసిచ్చాడు.

ఆ ఆదివారం అద్దె కారులో వెళ్ళాను. పెద్దక్క నన్ను చూసి, ఉతకాల్సిన బట్టలు మంచం కింద ఉన్నాయి, తీసుకెళ్ళు అంది. తీసుకెళ్ళాను. పై ఆదివారం ఉతికిన బట్టలు ఇస్తే, ఒక జాకెట్టు తక్కువొచ్చిందని కసిరింది. ఆ తర్వాత వెళ్ళడానికి నాకు కాళ్ళు రాలేదు.

మళ్ళీ చూపించాల్సింది రేపే. తప్పితే ఇరవై రోజుల దాకా ఖాళీ లేదన్నారు.

తమ్ముడు ముప్పై అయిదేళ్ళు కార్లు బాగుచేసే పనే చేశాడు. ఇప్పుడు ఇంటి వెనక రేకుల షెడ్డులో తెలిసినవాళ్ళ బళ్ళు మాత్రం చూస్తున్నాడు. వాడి పని నత్తనడక. కారుని నాలుగు స్టాండ్ల మీదికెత్తి, టేపుతో మూల నుంచి మూలకి కొలిచి, తలుపు సందులో చుట్టూతా ఒక నాణెం జరుపుతాడు. ఎక్కడా ఇరుక్కోకుండా, ఎక్కడా జారిపడకుండా అది చుట్టూ తిరిగితేనే వెల్డింగు మొదలెడతాడు. కుడివైపు దూలానికే పద్దెనిమిది రోజులు పట్టింది. ఎడమవైపుది ఇవాళ పొద్దున కోసి, కొత్త ముక్క పెట్టి, రెండుచోట్ల చుక్కలా అతికించి అన్నానికి వెళ్ళాడు. వచ్చి మిగతాదంతా అతికేశాడు. సాయంత్రం కారు కింద నుంచి బయటికొచ్చి తలుపు వేశాడు.

ఇదిగో, పడలేదు.

నాణెం తీసి సందులో పెట్టాడు. పైన ఖణేల్మని లోపల పడిపోయింది. కాసేపు దాన్నే వెతుకుతున్నట్టు కింద చూస్తూ నిలబడ్డాడు. తర్వాత కళ్ళజోడు తీసి చొక్కాకి తుడిచి, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీశాడు.

"నా చూపు పోయింది చిన్నక్కా," అన్నాడు. "పొద్దున వంకరగా పెట్టి, సరిగ్గా ఉందనుకున్నాను. ఇంక షెడ్డు మూసేయడం మంచిది. ఎవరి ప్రాణం మీదికో తెస్తాను."

అప్పటిదాకా నోరు విప్పకూడదనే అనుకున్నాను. విప్పితే రేపటి రోజు పోతుంది. కానీ వాడు కళ్ళజోడుని జేబులో పెట్టుకోవడం చూడలేకపోయాను.

"నీ చూపు బాగానే ఉందిరా. నువ్వు అన్నానికి వెళ్ళినప్పుడు జాకీ నేనే పెట్టాను."

"ఏ జాకీ?"

"మధ్యలో. కారు అడుగున. గట్టిగా ఆనేదాకా ఎత్తాను."

వాడు వంగి చూశాడు. జాకీ ఇంకా అక్కడే, చీకట్లో, బుద్ధిమంతుడిలా నిలబడి ఉంది. వెల్డింగు ముసుగులో దూలం మీదే కళ్ళు పెట్టి, వాడు దాన్ని చూడనేలేదు.

ఎందుకు పెట్టానో చెప్పాల్సొచ్చింది. పొద్దుటి నుంచీ వాడు కారు కిందే ఉన్నాడు. బయటికి కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. మా ఆయన్ని చివరిసారి చూసినప్పుడు దుప్పటి బయట కాళ్ళే కనిపించాయి. నాలుగు స్టాండ్లలో ఒకటి జారితే అనుకున్నాను. ఆ మాట అనుకున్నాక నా చెయ్యి నా మాట వినలేదు.

కోసి ఉన్న దూలం మధ్యలో ఎత్తితే కారు పిల్లి వీపులా లేస్తుందనీ, తను ఆ వంకరనే శాశ్వతంగా అతికేశాననీ తమ్ముడు చెప్పాడు. చిన్నప్పుడు నన్ను చెట్టెక్కనివ్వలేదు, ఈత కొట్టనివ్వలేదు, అరవై మూడేళ్ళొచ్చాక కారు కింద కూడా పడుకోనివ్వవా అన్నాడు. తిట్టాడో నవ్వాడో తెలియలేదు. నాకు ఒళ్ళు మండింది, వాడి మీద కాదు.

"ఇలాగే తీసుకెళ్తే?" అన్నాను.

"పాసవుతుంది. ఆ ఆఫీసరు కిందే చూస్తాడు. తలుపుకి లోపల తాడు కట్టుకో. నీ ఇష్టం."

నా ఇష్టమట. నేను తలుపు వైపు చూశాను. అది ఎడమవైపు తలుపు. పెద్దక్క కూర్చునే వైపు. మలుపులో తను ఎప్పుడూ తలుపుకే ఒరిగిపోతుంది.

"తాడు ఏ మాత్రం ఆపుతుంది?"

"సూట్‌కేసుని ఆపుతుంది," అన్నాడు తమ్ముడు.

రేపటి రోజు, ఆ తర్వాతి ఇరవై రోజులు లెక్కపెట్టుకున్నాను. ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఇరవై ఇరవయ్యే. అప్పటికి పెద్దక్కకి నేను బట్టలు ఉతికే మనిషిగానైనా మిగులుతానో లేదో.

"కొయ్యరా," అన్నాను.

వాడు గ్రైండరు వైరు సరిచేస్తుంటే, నేను బయటికొచ్చి ఆశ్రమానికి ఫోన్ చేశాను. నర్సు ఎత్తింది. పెద్దక్క కిటికీ దగ్గరే ఉందట, ఇవాళ సోమవారమైనా. ఇవ్వమంటారా అంది. వద్దన్నాను. నా గొంతు విని ఎవరని అడిగితే తట్టుకోలేను. ఆదివారం చెల్లెలు రాదని చెప్పమన్నాను. ఏ ఆదివారం వస్తుందని చెప్పమంటారు అంది. లోపల గ్రైండరు మొదలైంది. అటు నర్సు మళ్ళీ అడుగుతోంది, ఇటు నాకేమీ వినపడటం లేదు. చెవి మూసుకుని, నాలుగో ఆదివారం, నాలుగో ఆదివారం అని అరిచాను. విన్నదో లేదో.

లోపలికి వెళ్ళేసరికి అతుకు సగం దాకా తెగింది. తమ్ముడు ముసుగు పైకెత్తి, దించిన జాకీని కాలితో నా కంటికి కనపడనంత దూరం తోసి, టేపు కొస నా చేతికిచ్చాడు.

"ముందువైపు బోల్టు మీద పెట్టు. కదలకు. ఊపిరి కూడా తియ్యకు."

పెట్టాను. వాడు వెనక మూల నుంచి చదివి, రెండో వైపు మళ్ళీ పట్టించి చదివి, తల అడ్డంగా ఊపాడు. ఆరు మిల్లీమీటర్లు తేడా.

"మళ్ళీ," అన్నాడు.