వేడి తెలియని వేళ్ళు

భర్త సంచి సర్దడమంటే ఆమెకు రోత. ఆయన కుర్చీలో కూర్చుని కాళ్ళు ఊపుతూ చెబుతుంటాడు, ఆమె వంగి పెడుతుంటుంది. నెరిసిన వెంట్రుకలు చిక్కుకున్న దువ్వెన, చెవిలో తిప్పుకునే పుల్ల, ఎన్నిసార్లు ఉతికినా చంకల దగ్గర పచ్చదనం వదలని బనీన్లు. తన చెల్లెలి ఇంటికి వెళ్ళి ఇరవై రోజులు ఉండొస్తాడట.

"రుమాళ్ళు ఎన్ని పెట్టావే?"

"పన్నెండండీ."

"పన్నెండేం సరిపోతాయి? నా జలుబు సంగతి నీకు తెలీదూ?"

తెలుసు. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆ జలుబును చేత్తో నలిపి ఉతికింది ఆమే. ఇంకో అరడజను పెట్టి సంచి మూసింది. ఎవరు గడప దాటి వెళుతున్నా ఆమెకు గుండె దడదడలాడుతుంది; చిన్నప్పటి నుంచీ అంతే. ఆ రోజు బండి మలుపు తిరిగేదాకా నిలబడి చూసింది. దడ రాలేదు. రానందుకు భయం వేసింది.

అసలు సంగతి అంతకు వారం ముందు మొదలైంది. వంటింటి కత్తి బొత్తిగా తెగడం మానేసింది. "పదునుగా ఉంటే వేలు కోసుకుంటావు, నీకు ఇది చాల్లే" అని ఆయన ఏళ్ళుగా దాటవేస్తుంటే, ఆ కత్తిని కాగితంలో చుట్టుకుని రెండు వీధుల అవతల చేత్తో కత్తులు చేసే రేకుల షెడ్డుకు తీసుకెళ్ళింది. దాన్ని నడిపేది నలభై అయిదేళ్ళ ఆడమనిషి. వీధిలో అందరూ కత్తులావిడ అంటారు.

"ఇది కత్తా అక్కా, గరిటా?" అంది ఆవిడ, అంచు మీద బొటనవేలు ఆనించి చూసి. తర్వాత ఆమె సాన యంత్రం వైపు కన్నార్పకుండా చూడడం గమనించి, "నేర్చుకుంటావా?" అని అడిగింది. "నా కుడి భుజం పోయింది. సాన పట్టే మనిషి కావాలి. పని వస్తే జీతం, వెనక గది నీవి."

ఆమె నవ్వేసి వచ్చేసింది. కానీ ఆయన వెళ్ళిన మర్నాడు పొద్దున్నే షెడ్డు ముందు నిలబడింది.

రెండు వారాలు పనికిరాని ఇనుప పట్టీల మీద చెయ్యి తిప్పించింది కత్తులావిడ. మోచేతులు డొక్కలకు అంటించుకోవాలి. చేతులు కదలకూడదు, నడుము ఊగాలి. సాన యంత్రంలో గిర్రున తిరిగే గరుకు పట్టా మీద పట్టీని మొదటి నుంచి చివరి దాకా ఒకే ఒత్తిడితో లాగాలి. చివర ఆగితే మొన అరిగిపోతుంది. ఆమె ఆగేది, ఎవరో పిలిచినట్టు. "ఎవరూ పిలవట్లేదక్కా, లాగు," అనేది ఆవిడ. అలా అలా ఆగడం మానేసింది.

అప్పుడు అసలైన ఉక్కు ముక్కలు మూడు ముందు పెట్టింది ఆవిడ. "వీటిని కొలిమిలో కాల్చి, నూనెలో ముంచి గట్టిచేశాను. సాన మీద మళ్ళీ మితిమీరి వేడెక్కాయంటే నీలం రంగు తిరిగి మెత్తబడిపోతాయి. ఇక ఆ అంచు దేనికీ పనికిరాదు. అందుకే చేతికి తొడుగులొద్దు. వేళ్ళు చుర్రుమనగానే నీళ్ళల్లో ముంచు. మూడూ పాడుచేశావంటే మాత్రం నేను ఇంకొకళ్ళని చూసుకోవాలి, ఏమనుకోకు."

మొదటిదానికి పదును వాలు చక్కగా వచ్చింది. అంచు మాత్రం నెమలికంఠం రంగుకు తిరిగింది. రెండోదీ అంతే.

"చుర్రుమనలేదా అక్కా?"

"లేదు."

ఆవిడ ఆమె చెయ్యి లాక్కుని వేలికొసలు నొక్కి చూసింది. "ఇవేం వేళ్ళు తల్లీ, చెప్పు అట్టల్లా ఉన్నాయి!"

ఇంటికి వెళ్ళి మంచం మీద కూర్చుని ఆమె ఆ వేళ్ళ వంకే చూసుకుంది. కొత్త కోడలిగా వచ్చిన వారంలోనే అత్తగారు అంది కదా, "గుడ్డ వెతుక్కుంటూ కూర్చుంటే పాలు పొంగిపోవూ?" అని. ఆ రోజు ఉత్త చేతుల్తో గిన్నె దించింది. బొబ్బలెక్కాయి. ఎవరూ చూడలేదు. మళ్ళీ ఎక్కాయి, మానాయి, చివరికి వేళ్ళు మొద్దుబారాయి. ఆ తర్వాత అదొక వేడుకైపోయింది. ఇంటికి ఎవరొచ్చినా ఆయన వంటింట్లోకి పిలుచుకొచ్చేవాడు: "మా ఆవిడ చేతులు చూడండి, రాతి నార, నిప్పు కూడా ఏమీ చెయ్యదు! సలసలా కాగే గిన్నె అలా ఎత్తేస్తుంది." చూసినవాళ్ళు చప్పట్లు కొట్టేవాళ్ళు. ఆయన మీద అసహ్యం కొత్తది కాదు, అది అలవాటైపోయింది. ఇప్పుడు పుట్టుకొస్తున్నది మరొకటి. అప్పుడు తనూ నవ్వేది. ఇంకాస్త సేపు పట్టుకుని నిలబడేది కూడా, మెచ్చుకుంటారని. ఆ నవ్వు గుర్తొచ్చి ఆమెకు నోరంతా చేదైంది.

గురువారం సాయంత్రం ఆయన ఫోను చేశాడు.

"ఇదుగో, శనివారం మధ్యాహ్నానికి వచ్చేస్తున్నా. చెల్లెలి వియ్యాలవారు అయిదుగురు వెంట వస్తున్నారు. నీ చేతుల సంగతి చెబితే నమ్మట్లేదే వాళ్ళు! ఒక్కసారి గిన్నె దించి చూపించాలి. పరువు తియ్యకు."

"అలాగేనండీ," అంది. ఫోను పెట్టేశాక, ఆ మాట అంత తేలిగ్గా వచ్చిన నోటిని పుక్కిలించి కడుక్కుంది.

శుక్రవారం పొద్దున మూడో ముక్క పట్టుకుంది. వేళ్ళను నమ్మే పని లేదు. ముంచి తీసిన ఉక్కును తుడవకుండా, తడి తడిగానే పట్టా మీద పెట్టింది. నీటి బొట్లు అంచు వెంట నిలబడ్డాయి. కాలిన పెనం మీద బొట్టు ఎలా బిగుసుకుంటుందో, ఎప్పుడు చిందులేస్తుందో ఆమెకు తెలిసినంత ఎవరికి తెలుసు? ఆ విద్య కూడా వంటింటిదేనని తోచి ఒళ్ళు జలదరించింది. అయినా బొట్ల మీది నుంచి కళ్ళు తిప్పలేదు. అవి కుంచించుకోగానే ముంచింది. లాగింది, ముంచింది. నిప్పురవ్వలు ముంజేతుల మీద పడి చురుక్కుమన్నాయి. అక్కడ ఇంకా తెలుస్తోంది.

కత్తులావిడ ఆ ముక్కను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి అటూ ఇటూ తిప్పింది. కొస దాకా తెల్లటి ఉక్కు. నీలం చాయ లేదు.

"ఎడమ పక్క వాలు కాస్త ఎక్కువ తీశావు," అంది. "ఫరవాలేదు. గది ఊడ్చుకోవాలి, బోలెడు దుమ్ము."

"చీపురు ఎక్కడుంది?" అని అడగబోయి ఆమె ఆగింది. "తర్వాత ఊడుస్తాను. ఇంకో ముక్క ఇవ్వు."

శనివారం మధ్యాహ్నం ఆయన చుట్టాలతో దిగాడు. శుక్రవారం ఉదయం తలుపు దగ్గరగా వేసి వెళ్ళిన ఆమె, ఆ రోజు గానీ ఆ తర్వాత గానీ, ఆ ఇంటికి తిరిగి రాలేదు.