తూకం వేయలేదు

ట్రెయిలర్ మీదికి దిగుతున్న ఇనుప చట్రం ఒక పక్కకి ఒరిగింది. పెయింటరమ్మ కేక పెట్టేలోపే ఆమె అన్న కుడికాలు దాని కింద నలిగిపోయింది.

ఆ చట్రంలో ఉన్నది పండ్ల గుజ్జు ఉడికించే యంత్రంలో ఒక భాగం, పెద్ద తొట్టి. గదంత ఉంటుంది. ఇలాంటివి ఏడు విడివిడిగా ఓడెక్కి, సముద్రం అవతల ఒక్క ఫ్యాక్టరీగా కలుస్తాయి. వాటి మీద బాణాలూ, గొలుసు తగిలించే చోట్లూ, బరువూ రాయడం ఆమె పని. ఆ చట్రం మీద "18 టన్నులు" అని రాసింది కూడా ఆమే. సూపర్‌వైజర్ ఇచ్చిన చీటీ చూసి రాసింది. యార్డులో అదే అలవాటు. చీటీని బ్రష్షు నమ్ముతుంది, బ్రష్షుని క్రేను నమ్ముతుంది.

మర్నాడు పొద్దున్నే కాంట్రాక్టరు ఆమె ముందుకి ఒక కాగితం తోశాడు. బరువు కింద నిలబడటం అన్న తప్పేనని అందులో ఉంది.

"సంతకం పెట్టమ్మా. ఆసుపత్రి సంగతి నేను చూసుకుంటా. లేదంటే మీ అన్నని రేపే ఇంటికి పంపించేస్తారు."

"మరి అది ఎందుకు ఒరిగిందండీ?"

"గాలికి."

తలుపు దగ్గర వెల్డరు నవ్వాడు. "నిన్న అంత గాలుంటే మా చొక్కాలు చెమటకి ఎందుకు తడిశాయో మరి."

ఆమె పెన్ను ముట్టుకోలేదు. నేరుగా యార్డులోకి వెళ్లి, ఒరిగిన చట్రం టార్పాలిన్ విప్పింది. వెల్డరు మూత తీశాడు. ఖాళీగా ఉండాల్సిన తొట్టిలో ఒక కొసన ఎనిమిది మోటార్లు బోల్టులతో బిగించి ఉన్నాయి. ఇంకో ట్రెయిలర్ పెట్టడం ఇష్టం లేక కుక్కేశారు. చీటీలో ఉన్నది ఖాళీ తొట్టి బరువు.

ఆ అంకె తన చేతి రాతే.

భోజనాల షెడ్డులో అందరూ గుమిగూడారు.

"ఎల్లుండి ఓడ. ఎత్తకపోతే కాంట్రాక్టరు అందరి ఉద్యోగాలూ ఊడబీకుతాడు," అన్నాడు క్రేను నడిపే పెద్దాయన.

"ఎత్తితే?" ప్యాకింగ్ అక్క లేచింది. "ఈసారి ఎవరి కాలు పోవాలో చీట్లు వేద్దామా?"



"మీ అన్న వైద్యం మాటేంటమ్మా?" పెద్దాయన గొంతు తగ్గించాడు.

"వదిననే అడిగా బాబాయ్. కాలు ఎలాగూ పోయింది, నింద కూడా మోయించకు అంది. నేనిక చీటీ చూసి అంకె వెయ్యను."

"నువ్వు కాకపోతే ఇంకొకడు వేస్తాడు."

"వేయడానికి చోటుంచితేగా."

గంట తిరక్కుండా రెండో చట్రానికి నాలుగు వైపులా, మూరెడేసి ఎర్రటి అక్షరాలతో మూడు మాటలు: తూకం వేయలేదు, ఎత్తకండి.

కాంట్రాక్టరు చెరిపెయ్యమన్నాడు. ఆమె డబ్బా తీసుకుని మూడో చట్రం దగ్గరికి నడిచింది. అరగంటలో పోలీసు జీపు వచ్చింది.

"పని ఆపించావట?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"లేదు సార్. బరువు రాయడం నా పని. తెలియనిది తెలియదనే రాశా."

చేయి పట్టుకుని జీపు ఎక్కించారు. బ్రష్షు కింద పడింది.

"ఏం చూస్తున్నావ్? ఎత్తు," అని కాంట్రాక్టరు క్రేను వైపు అరిచాడు.

పెద్దాయన ఇంజను ఆపి, తాళం జేబులో వేసుకుని, ఒక్కో మెట్టూ దిగి వచ్చాడు. "కాటా తెప్పించండి. మోటార్లు బయటికి తీయించండి. వాళ్లన్నదే తప్పన్న ఆ కాగితం చింపండి. అప్పుడు ఎత్తుతా."

ప్యాకింగ్ అక్క బ్రష్షు అందుకుంది. వెల్డరుకి బ్రష్షు దొరకలేదు, గుడ్డపీలిక ముంచాడు. నాలుగో చట్రం, ఐదోది, ఆరోది. జనం గేటుకి అడ్డంగా కూర్చున్నారు. జీపు కదలలేకపోయింది.

ఇన్‌స్పెక్టరు ఆ వంకర అక్షరాల వంక చూసి విసుక్కున్నాడు. "ఇక్కడ రాయడం వచ్చినవాళ్లు ఇంకా ఎంతమంది?"

"రానివాళ్లు పక్కవాళ్లది చూసి రాస్తున్నారు సార్," అంది పెయింటరమ్మ.